నా మెడ, మూసీ నది, స్కూటర్ తాళంచెవి

మొన్న మంగళవారం పొద్దున పదకొండూ పదికి, అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో, నూటయాభై మంది పిల్లల ముందు నిలబడి, ఎడమ చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి, మూసీ నది ఎందులో కలుస్తుందో గట్టిగా చెప్పాను. నన్నెవరూ అడగలేదు! ఈ సంగతి మీకు ఇంకెవరైనా ఉప్పూకారం చల్లి చెప్పేలోపు నేనే చెప్పేస్తే నయమని చెబుతున్నాను. నవ్వేవాళ్ళు ముందు టీ గ్లాసు కింద పెట్టండి.

అసలు మొదలు మెడ దగ్గర. ముప్పై నాలుగేళ్ళు న్యూస్ డెస్క్ మీద వంగి ఇతరుల తప్పులు దిద్దాను. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు శాలువా కప్పారు. ఆ శాలువా కింద మెడ కుడివైపు తిరగడం మానేసి అప్పటికే చాలాకాలమైంది. ఎడమకి బాగానే తిరుగుతుంది. కుడికి చూడాలంటే మాత్రం భుజాలతో సహా మొత్తం మనిషిని తిప్పాలి, పాత బీరువాను గోడ దగ్గర నుంచి జరిపినట్టు.

ఇంట్లో కూర్చుంటే దీంతో ఇబ్బంది లేదు. స్కూటర్ మీద ఉంది. రెండు నెలల కిందట చిక్కడపల్లిలో మా సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి వస్తూ ఎడమకి చూశాను, ఖాళీ. కుడికి చూసినట్టు అనుకున్నాను. ఆ వైపు నుంచి టమాటాల బండి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, టమాటాలకు తప్ప.

బండి తోస్తున్న ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏంది సార్, గింత పెద్ద బండి కనవడ్తలేదా?" అంది.

"నువ్వు కుడి నుంచి వచ్చావు" అన్నాను. తప్పు నాదే. తప్పు మనదైనప్పుడే కదా గొంతు పెరిగేది!

"కుడి నుంచి రాక మొగులు మీదికెల్లి దిగుతనా?"

ఈలోగా మా ఆవిడ రాజేశ్వరి వచ్చింది. నారాయణగూడలో ఒక స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. టమాటాల సంగతి తేల్చి, స్కూటర్‌కి ఉన్న తాళంచెవి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. చప్పుడు కాకుండా జిప్పు మూసింది. ఆ మూసిన తీరుకే నాకు ఒళ్ళు మండింది.

"కుడివైపు చూడలేని మనిషికి బండి ఎందుకండీ? మెడ తిరిగిన రోజు ఇస్తాను" అంది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున పరీక్ష. నేను గోడకి రెండు భుజాలూ ఆనించి నిలబడాలి. ఆవిడ నాకు కుడిపక్కన నిలబడి వేళ్ళు చూపిస్తుంది. భుజం కదలకుండా చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి.

"ఎన్ని?"

"మూడు."

"ఊహించకండి. స్టెప్స్ లేని జవాబుకి మార్కులుండవు."

మీరనొచ్చు, స్కూటర్ లేకపోతే ఏం, ఆటోలు లేవా అని. సాయంత్రం అయిదింటికి బాగ్ లింగంపల్లిలో రీడింగ్ రూముకి వెళ్ళి, అన్ని పేపర్లూ ముందేసుకుని, అందులో తప్పులు వెతుక్కుని, నాలాంటి మరో ముగ్గురితో కలిసి ఈ కాలపు డెస్కులని తిట్టడం నాకు మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగం. ఇప్పుడక్కడికి రాజేశ్వరి దిగబెడుతోంది. నా స్కూటర్ మీద, నన్ను వెనక కూర్చోబెట్టుకుని! గేటు దగ్గర ఆపి, "ఏడింటికి వస్తాను, ఇక్కడే ఉండండి" అంటుంది. ఆ ముగ్గురూ కిటికీలోంచి చూస్తారు. నా బండి మీద నేను లగేజీనైపోయాను.

అందుకే, కేవలం అందుకే, థెరపీకి ఒప్పుకున్నాను.

అంతకుముందే ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక బాగానే ఉంది, కండరాలు బిగుసుకుపోయాయి అన్నాడు. వ్యాయామాలు రాసిచ్చాడు. చేశాను, కోపంగా చేశాను, ఫలితం లేదు. అప్పుడు రాజేశ్వరి పాత కొలీగ్ ఒకావిడ అశోక్ నగర్‌లో అనిత గారి పేరు చెప్పింది. మెత్తగా చేతులు ఆనించి పాత నొప్పులు, టెన్షన్లు తగ్గిస్తుందట. వెళ్ళగానే చేతికొక కరపత్రం ఇచ్చారు. పైన 'శరీరం ఏదీ మర్చిపోదు' అని పెద్దక్షరాలు. కింద పదకొండు అచ్చుతప్పులు. శరీరం మర్చిపోదు కానీ కరపత్రం వేసినవాడు దీర్ఘాలన్నీ మర్చిపోయాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్ది అనిత గారికి తిరిగిచ్చాను.

ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. కరీంనగర్ వైపు మనిషి. కరపత్రం చూసి నవ్వింది. "మంచిగైంది సార్, మళ్ళ ప్రింట్ కొట్టియ్యాలె. నేనైతే డాక్టర్ని కాదు, ముందే చెప్తున్న. కళ్ళద్దాలు, బెల్టు, వాచీ తీసి పక్కకు పెట్టుండ్రి. ఒంటి మీద బిగుతుగ ఏం ఉండొద్దు."

బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను. ఆవిడ నా తల వెనక స్టూలు వేసుకుని కూర్చుని, రెండు చేతులూ నా తల కింద పెట్టింది. అంతే! నొక్కలేదు, రుద్దలేదు, నూనె లేదు, విరవడం లేదు. తమలపాకు మోపినంత బరువు. గోడ గడియారం మసగ్గా కనిపిస్తోంది. పది నిమిషాలు. ఇరవై. మంగలి షాపులో అయితే ఈపాటికి మెడ రెండుసార్లు టక్కుమనేది.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"వింటున్న సార్."

"నేనేం మాట్లాడలేదే!"

"మీ మెడ చెప్తున్నది గద."

రిపోర్టరెవడైనా ఇలాంటి వాక్యం రాసి తెస్తే, ఎవరు చెప్పారు, నువ్వు స్వయంగా విన్నావా, రెండో పక్షం వివరణ తీసుకున్నావా అని అడిగి కాపీ వెనక్కి కొట్టేవాణ్ణి. బల్ల మీద ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను. పళ్ళు బిగించి ఊరుకున్నాను. "దవడ వదిలేయండి సార్" అంది.

ఇంటికొచ్చి గోడకి ఆనుకుంటే, రాజేశ్వరి చూపించినవి ఎన్ని వేళ్ళో తెలియలేదు. రెండో వారం కూడా తెలియలేదు.

మూడోవారం అనిత గారు ఒక ప్రశ్న అడిగింది. "ఎప్పుడన్న బాగ ఉలిక్కిపడ్డరా సార్? కుడి దిక్కు నుంచి?"

నాకు చిర్రెత్తింది. జోస్యమా ఇది? లేదనబోయాను. తల కింద చేతులు మెత్తగా ఉన్నాయి. మొత్తం చెప్పేశాను.

డెస్కులో చేరిన కొత్తల్లో సంస్మరణల పేజీ నేనే చూసేవాణ్ణి. ఒకసారి ఒకే పేరున్న ఇద్దరిలో పోయినాయన వార్త కింద బతికున్నాయన ఫొటో పడింది. వార్త మొదటి రెండు పేరాలు చదివి పేజీ వదిలాను. చివరి పేరాలో ఆయన వయసు, ఊరు ఉన్నాయి. చివరిదాకా చదివుంటే పట్టుకునేవాణ్ణి. మర్నాడు నా కుర్చీకి కుడిపక్క తలుపు తెరుచుకుంది. ఫొటోలోని మనిషి లోపలికొచ్చాడు. చేతిలో మా పేపరు. "బాబూ, నేను పోయానట కదా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎదురు కుర్చీలో కూర్చుని, నేను తెప్పించిన టీ తాగి, వాళ్ళ అక్కయ్య పొద్దున్నే పేపరు చూసి సొమ్మసిల్లి పడిపోయిందని చెప్పి, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నా కింద పనిచేసిన ప్రతి సబ్ ఎడిటర్‌కీ ఒకటే నేర్పాను: చివరిదాకా చదవనిదే పెన్నెత్తకు. నేర్పాను అంటే అరిచాను.

ఈ ముక్క రాజేశ్వరికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అనిత గారు నా తల కింద నుంచి చేతులు తీసింది. "ఇవాళ్టికి చాలు సార్" అంది. నేను మెట్లు దిగుతూ నన్ను నేనే తిట్టుకున్నాను. మెడకీ అచ్చుతప్పుకీ ఏం సంబంధం? ఒక బిగుసుకున్న కండరానికి నా సర్వీసు రికార్డు మొత్తం అప్పజెప్పాలా?

ఇక మొన్నటి మంగళవారం. నాలుగోవారం.

అనిత గారి గదికీ పక్కనున్న కోచింగ్ సెంటర్‌కీ మధ్య ప్లైవుడ్ గోడ. అశోక్ నగర్‌లో గోడలన్నీ అంతే, ఒక హాలు కనిపిస్తే నాలుగు క్లాసులు చేస్తారు. మిగతా వారాల్లో ఆ పక్కన రాత పరీక్షలు, నిశ్శబ్దం. ఆ రోజు మైకులో పాఠం. అనిత గారు ముందే అంది, "జర డిస్టర్బ్ ఉంటది సార్, పట్టించుకోకుండ్రి. చెవిలకు వచ్చింది వచ్చినట్టే పోనియ్యండి."

పోనియ్యడం! నా జన్మలో చెవిలోకి వచ్చిన తప్పుని ఎప్పుడైనా పోనిచ్చానా?

అయినా ప్రయత్నించాను. ఆ రోజెందుకో నిజంగానే ఒళ్ళు వదులైంది. మెడ వెనక ఎక్కడో వెచ్చగా పాకుతోంది. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నాను. అంతలో మైకు:

"...రెండు. మంజీర గోదావరికి ఉపనది. రాసుకోండి."

ఒప్పే. రాసుకోండి నాయనా.

"మూడు. మూసీ గోదావరిలో కలుస్తది. మళ్ళ చెప్తున్న. మూసీ, గోదావరిలో, కలుస్తది. రాసుకోండి."

కళ్ళు తెరిచాను.

హైదరాబాద్‌లో కూర్చుని, మూసీకి ఇంత దగ్గర్లో, మైకు పెట్టి, రెండుసార్లు చెప్పి మరీ రాయిస్తున్నాడు! రాసుకుంటున్నవాళ్ళు ఎవరు? మూడేసి మంది ఒక హాస్టల్ గదిలో సర్దుకుని, మధ్యాహ్నం తిండి మానేసి పుస్తకాలు కొనుక్కునే పిల్లలు. పొద్దున ఆ మెట్ల మీదే చూశాను, నిలబడి నోట్సు తిరగేస్తున్నారు. ఒక్క మార్కు పోతే ఉద్యోగం పోతుంది, ఇంకో రెండేళ్ళు అదే గదిలో. ఆ ఒక్క మార్కు ఇదిగో, నా చెవికి మూడడుగుల దూరంలో పోతోంది!

"సార్, ఊపిరి మారింది. ఏమనిపిస్తున్నది?" అంది అనిత గారు.

"కృష్ణ!" అన్నాను.

"కృష్ణా రామా అనుకోండి సార్, మంచిదే..."

"కృష్ణానది! మూసీ కృష్ణలో కలుస్తుంది!" అని లేచాను.

ఆవిడ "సార్, సార్, మెల్లగ లేవాలె" అంటోంది. నేను అప్పటికే తలుపు దాటాను. చెప్పుల్లేవు, కళ్ళద్దాల్లేవు, బెల్టు లేదు. రిటైరయ్యాక నేను సన్నబడ్డాను, ప్యాంట్లు సన్నబడలేదు. కారిడార్‌లో రెండో అడుగుకే ఆ తేడా తెలిసింది. ఎడమ చెయ్యి నడుం దగ్గరికి పోయింది. పక్క తలుపు తోశాను.

లోపల మనుషులంతా మసక. వరసల కొద్దీ తలలు. ఎదురుగా తెల్లటిదేదో, బోర్డు కాబోలు. దాని పక్కన నిలువుగా ఒక ఆకారం, సారు కాబోలు.

"ఎవరండీ మీకు చెప్పింది, మూసీ గోదావరిలో కలుస్తుందని?" అన్నాను. డెస్కు గొంతు వచ్చేసింది. ఒకప్పుడు ఆ గొంతుకి ప్రింటింగ్ సెక్షన్ దాకా మనుషులు లేచి నిలబడేవారు.

ఆ ఆకారం మైకు పక్కకి పెట్టింది. "కలవదు సార్."

"కలవదని తెలుసా?"

"తెలుసు సార్. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది."

"తెలిసి తెలిసి పిల్లలచేత తప్పు రాయిస్తున్నారా! వీళ్ళ జీవితాలతో..." అని కుడి చెయ్యి పైకెత్తాను. ఎడమది ఎత్తే వీలు లేదు. "మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది! ఈ ఊరి మధ్య నుంచి పోతుంది! కృష్ణలో కలుస్తుంది! రాసుకోండి!"

ఎవరూ రాసుకోలేదు. ముందు వరసలోంచి ఒకమ్మాయి, చాలా మర్యాదగా, "సార్, జర బోర్డు చూడుండ్రి" అంది.

"బోర్డు ఉందో లేదో కూడా తెలియట్లేదమ్మా. అద్దాలు పక్క గదిలో ఉన్నాయి."

"నేను చదువుతా సార్. 'కింది వాక్యాల్లో సరికానిది ఏది?'" అంది ఆ అమ్మాయి. "మూడోది సార్. మీరు కరెక్టే చెప్పిండ్రు."

ప్రశ్న మొదటి వాక్యం నేను వెచ్చదనంలో తేలుతున్నప్పుడు అయిపోయిందన్నమాట. మధ్యలో విన్నాను. మధ్యలో లేచాను. చివరిదాకా చదవనిదే పెన్నెత్తకు అని ముప్పై ఏళ్ళు అరిచిన మనిషిని, మొదలు కూడా వినకుండా ప్యాంటెత్తుకుని వచ్చాను.

సారు మంచివాడు. మైకు తీసుకుని, "చూసిండ్రా, ఎగ్జామ్‌ల గూడ మీరు ఇట్లనే చేస్తరు. క్వశ్చన్ చదవరు, ఆప్షన్ చూసి ఉరుకుతరు" అన్నాడు. అప్పుడు పేలింది నవ్వు.

ఆ నవ్వుల్లోంచి, కుడివైపు కిటికీ దగ్గర నుంచి, ఒక గొంతు కేకేసింది: "అంకుల్! ప్యాంటు! ప్యాంటు!"

చటుక్కున ఆ కేక వైపు చూశాను. పట్టు తప్పిందేమో అనుకుని. తప్పలేదు, తడిమితే వేలెడంత దిగింది, అంతే.

వెనక తలుపు దగ్గర నుంచి ఇంకో కేక. "సార్! తిరిగింది! మెడ తిరిగింది!"

అనిత గారు. ఒక చేతిలో నా బెల్టు, ఇంకో చేతిలో కళ్ళద్దాలు. నా భుజాలు బోర్డు వైపే ఉన్నాయి. నా మొహం కిటికీ వైపు ఉంది. నాకు కూడా అప్పుడే తెలిసింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నాడు సారు మైకులో. "సార్‌కు మెడ తిరిగిందట."

నూటయాభై మంది చప్పట్లు కొట్టారు. నాకు రిటైర్మెంట్ రోజున కూడా అన్ని చప్పట్లు పడలేదు. బయటికి వస్తుంటే వెనక బెంచీలోంచి ఎవడో, "సార్, మీది ఏ బ్యాచ్?" అని అడిగాడు.

మెడ తిప్పింది ఎవరన్నది నేను ఇంకా తేల్చలేదు. నాలుగు వారాలు చేతులు పెట్టిన అనిత గారా, ప్యాంటా, కోపమా? ఆవిడనే అడిగాను. "అది మెడనే అడగాలె సార్" అంది. ఈసారి కాపీ వెనక్కి కొట్టలేదు.

ఇంటికి నడిచి వచ్చాను, విజయగర్వంతో. అనిత గారు నాకంటే ముందే ఫోన్ చేసేసింది. మెడ సంగతే కాదు, మూసీ సంగతి కూడా, బెల్టుతో సహా. రాజేశ్వరి గోడ వైపు చూపించింది. ఆనుకున్నాను. ఆవిడ కుడిపక్కకి వెళ్ళింది.

"ఎన్ని?"

తిప్పాను. కలుక్కుమంది కానీ తిరిగింది. "నాలుగు. ఉంగరం వేలికి పసుపు అంటింది" అన్నాను. స్టెప్స్‌తో సహా జవాబు!

చెయ్యి చాపాను, తాళంచెవి కోసం. ఆవిడ చేతిలో తాళంచెవి కాదు, ఒక తెల్ల కాగితం పెట్టింది. ముత్యాల్లాంటి టీచరు దస్తూరి.

"కింది వాటిలో సరైనవి గుర్తించండి.
1. మెడ తిరిగింది.
2. కోపం తగ్గలేదు.
3..."

"కోపం తగ్గలేదని ఎవరన్నారు?" అని అరిచాను. "రెండో పాయింటు పూర్తిగా తప్పు! ఆధారమేంటి? నన్నడిగావా? ఏమీ తెలుసుకోకుండా ఇలా రాసేస్తారా..."

రాజేశ్వరి నేను ముగించేదాకా ఆగింది. స్కూల్లో కూడా అలాగే ఆగేదేమో. తర్వాత నెమ్మదిగా, "కాగితం కింద చిన్నక్షరాల్లో ఏముందో చూశారా?" అంది.

'పేజీ తిప్పండి' అని ఉంది. తిప్పాను. మూడో పాయింటు అక్కడుంది.

"రెండు వైపులా మాట్లాడకుండా చదివారు. తాళంచెవి ఫ్రిజ్ మీద ఉంది, తీసుకోండి."

ఫ్రిజ్ నాకు కుడివైపు. భుజాలు కదలకుండా, ఇసుమంత నొప్పి లేకుండా, మెడ హాయిగా తిరిగింది. రాజేశ్వరి నడిచి వెళ్ళి, ఫ్రిజ్ మీది తాళంచెవి తీసి, హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు మూయడం మొదటి నుంచి చివరిదాకా చూశాను.